త్రాగని వారి లివర్‌కు వచ్చే జబ్బు - చక్కెర సంగతి

(మన సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

మేము ఉర్దూ మీడియం బడిలో సైన్సు చెప్పుకొనేవారము. తెలుగులో సభ నుద్దేశించి మాట్లాడే అలవాటు మాకు తక్కువ. అయితే ఈ సంచిక మన హిందూ సోదరుల ఇళ్ళకు కూడా పోవుననియు, మన పిల్లలలోనే ఉర్దూ చదవలేని వారు చాలామంది ఉన్నారనియు కార్యదర్శి గారు పట్టుపట్టినందున తెలుగులోనే మనవి చేయుచున్నాము. మాటల్లో ఉర్దూ దొర్లితే మన్నించగలరు.

రెండేళ్ళ క్రిందట మన సొసైటీ తరఫున జరిగిన ఉచిత వైద్య శిబిరంలో మన పేటకు చెందిన ఒక దర్జీ సోదరునికి కడుపు స్కానింగు తీసిరి. పేరు చెప్పము. ఈ సంగతి ఇక్కడ చెప్పుటకు ఆయన అనుమతి తీసుకొనియే వచ్చితిమి. రిపోర్టులో "ఫ్యాటీ లివర్, గ్రేడ్ టూ" అని వచ్చినది. అంటే కాలేయమునకు క్రొవ్వు పట్టినది అని. ఆ కాగితం ఎవరి కంట పడినదో, ఎవరు ఎవరికి చెప్పిరో గాని, "ఆయనకు లివర్ చెడిపోయిందట" అనే మాట రెండు రోజుల్లో మసీదు వాకిటికి వచ్చేసింది. మన ఊళ్ళలో లివర్ చెడినదంటే జనానికి తెలిసిన అర్థం ఒకటే గదా!

అప్పుడు ఆయన పెద్దమ్మాయికి సంబంధం కుదిరి యున్నది. మగపెళ్ళి వారి పెద్దలు ఇద్దరు మా ఇంటికి వచ్చి, "మాస్టర్ సాబ్, మీకు ఇరవై ఏళ్ళుగా తెలిసిన మనిషి. నిజం చెప్పండి, తాగుతాడా?" అని అడిగిరి. మేము ఏమన్నామో చెప్పుటకు ఈనాటికీ సిగ్గుగా ఉన్నది. "మాకు తెలిసినంతలో లేదు. లోపలి సంగతి అల్లాకే ఎరుక" అన్నాము. ఆ రెండో వాక్యం అక్కరలేదు. అన్నాము. వారు తల ఊపి వెళ్ళిపోయిరి. పది రోజులకు సంబంధం ఆగినది.

ఆ రాత్రి ఇషా నమాజు తర్వాత ఆయన మా గుమ్మంలో నిలబడి, "మాస్టర్ సాబ్, నా జన్మలో ఒక్క చుక్క ముట్టలేదు. మీరు కూడా అనుమానిస్తే నేను ఎవరికి చెప్పుకోవాలి?" అని కండ్ల నీళ్ళు పెట్టుకొనినాడు. మరునాడు ఆయనను వెంటబెట్టుకొని శిబిరానికి వచ్చిన డాక్టరు గారి దగ్గరకే పోతిమి. డాక్టరు గారు మందు మాట ఎత్తనే లేదు. "రోజుకు ఎన్ని చాయ్‌లు తాగుతారు?" అని అడిగిరి.

ఈ ప్రశ్నకు అర్థం తెలుసుకొనుటకు మేము తర్వాత కొన్ని నెలలు పుస్తకాలు తిరగవేయవలసి వచ్చినది. తెలిసినంత మేరకు మీ ముందు పెట్టుచున్నాము.

ముందు కాలేయమును గురించి. బక్రీదు నాడు మన ఇళ్ళలో మొట్టమొదట పొయ్యి ఎక్కేది కలేజీ. కాబట్టి కాలేయం ఎట్లుండునో ఇక్కడ ఎవరికీ బొమ్మ గీసి చూపనక్కరలేదు. ముదురు ఎరుపు రంగు, గట్టిగా, నునుపుగా ఉండును. మనిషి కాలేయం కూడా అంతే. పెద్దవారిలో దగ్గర దగ్గర ఒకటిన్నర కిలో తూగును. క్రొవ్వు పట్టిన కాలేయం పాలిపోయి పసుపు రంగుకు తిరుగును, చేతికి జిడ్డు తగులును. అందులో క్రొవ్వు 5 శాతం మించితే జబ్బు క్రింద లెక్క. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. ఏళ్ళ తరబడి మనిషి లక్షణంగా తిరుగుచునే ఉండును. చాలామందికి అది అక్కడే ఆగిపోవును. కొందరికి మాత్రం క్రొవ్వు తర్వాత వాపు, వాపు తర్వాత మచ్చలు, చివరకు కాలేయం గట్టిపడి సిర్రోసిస్ వచ్చును. మద్యపానం వల్ల వచ్చే సిర్రోసిస్‌కు, దీనికి, చివరి దశలో చూచిన పెద్ద తేడా ఉండదు.

ఉర్దూ కవులు హృదయముతో సమానంగా జిగర్‌ను పొగడినారు. ధైర్యమునకు జిగర్, ప్రేమకు జిగర్, కన్నబిడ్డ జిగర్ కా టుకడా. మొరాదాబాదు కవి ఒకాయన తన కలం పేరే జిగర్ అని పెట్టుకొనెను. ఇంత గౌరవం ఇచ్చిన అవయవము లోపల ఏమి పని చేయుచున్నదో మాత్రం మనం అడిగిన పాపాన పోలేదు.

ఇక చక్కెర. ఈ మాట మన దేశపు శర్కరయే. ఫార్సీలోకి పోయి షకర్ అయినది, అరబ్బీలో సుక్కర్ అయినది, అక్కడ నుండి యూరపు భాషలకు ప్రాకినది. మనం చాయ్‌లో వేసే తెల్ల చక్కెర ఒక్క పదార్థం కాదు, జంట. గ్లూకోజ్ ఒకటి, ఫ్రక్టోజ్ ఒకటి, రెండూ చేయి చేయి పట్టుకొని ఉండును. చిన్న ప్రేగులో ఒక ఎంజైము - మా ఉర్దూ పుస్తకాలలో దీనిని ఖామిరా అందురు - ఆ పట్టు విడదీయును. విడిపోయిన తర్వాత రెండింటి దారులు వేరు.

గ్లూకోజ్ ఒళ్ళంతటికీ పనికివచ్చునది. మెదడు వాడును, కండరము వాడును. నెత్తురులో అది పెరగగానే ఇన్సులిన్ వచ్చి దానిని సర్దును. ఫ్రక్టోజ్ ఎక్కువ భాగము ప్రేగు నుండి తిన్నగా కాలేయానికి చేరును. అక్కడ జరిగే సంగతే మా ఉపన్యాసంలో అసలు భాగం. పిల్లలూ, కాస్త ఇటు వినండి.

పెండ్లి దావత్ అందరూ చూచినదే. ఫంక్షను హాలు ముందు ద్వారం దగ్గర ఒక పెద్దమనిషి నిలబడి ఉండును. బంతి నిండగానే, "ఆగండి, ఈ బంతి లేవనివ్వండి" అని తలుపు దగ్గరకు వేయును. కాలేయ కణములో గ్లూకోజ్ ఖర్చయ్యే దారిలో ఇట్టి కాపలాదారు ఒకడున్నాడు. ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్ అనే ఎంజైము. ఒంటికి చాలినంత శక్తి నిలువ ఉన్నదని తెలియగానే ఇది నెమ్మదించును. ఫ్రక్టోజ్ ఈ ద్వారం దాకా రానే రాదు. వంటగది వైపు దొడ్డి తలుపు గుండా వచ్చి కూర్చొనును. ఆ తలుపు తీసేది ఫ్రక్టోకైనేజ్ అనే మరొక ఎంజైము. దీనికి లెక్కాపత్రం లేదు. ఎంత వస్తే అంతా లోనికి తోయును. లోపలికి వచ్చిన దానిలో కొంత మళ్ళీ గ్లూకోజుగా మారును, కొంత లాక్టేటు అగును, కొంత గ్లైకోజెన్ అనే నిలువ పిండిగా దాచబడును. మిగిలినది క్రొవ్వు తయారీకి పోవును. అంతే గాదు, ఫ్రక్టోజ్ తరచుగా, ఎక్కువగా వచ్చుచుండిన కాలేయంలో క్రొవ్వు తయారుచేసే ఎంజైములే పెరుగును. కార్ఖానాకు కొత్త మిషన్లు పెట్టినట్లు.

ఇంకొక చిక్కు. ఆ దొడ్డి తలుపు తెరిచిన ప్రతిసారి కణములోని శక్తి నాణెము, అదే ఏటీపీ, ఒకటి ఖర్చగును. ఒక్కసారిగా చాలా ఫ్రక్టోజ్ వచ్చిపడితే నాణెములు గబగబా కరిగి, వాటి తునకలు చివరకు యూరిక్ యాసిడ్‌గా మారును. బొటనవ్రేలు ఎర్రగా వాచి రాత్రంతా నిద్ర లేకుండా చేసే గౌట్ జబ్బుకు కారణము ఈ యూరిక్ యాసిడే. మాంసం మానండి అని అందరూ చెప్తారు, తియ్యని కూల్ డ్రింకు సంగతి చెప్పేవారు తక్కువ.

ఇప్పుడు దర్జీ సోదరుని లెక్క. తెల్లవారి నుండి రాత్రి తొమ్మిది దాకా మిషను ముందే. వచ్చిన ప్రతి గిరాకీతో ఒక చాయ్. పది చాయ్‌లు అని ఆయనే ఒప్పుకొనెను. చాయ్‌కి రెండు చెంచాలు, చెంచాకు 4 గ్రాములు వేసుకున్నా 80 గ్రాముల చక్కెర. ఇంట్లో తిన్న మిఠాయి, సాయంత్రపు కూల్ డ్రింకు ఇందులో లేవు. 300 మిల్లీలీటర్ల కూల్ డ్రింకులో మరో 30 గ్రాములకు పైగానే ఉండును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన హద్దు ఏమనగా, మనిషి తినే మొత్తం శక్తిలో విడి చక్కెర పదవ వంతుకు మించరాదు, ఇరవయ్యవ వంతుకు తగ్గితే ఇంకా మంచిది. 2000 కేలరీల తిండికి అది సుమారు 50 గ్రాములు, 25 గ్రాములు.

ఈ 80 అనే అంకె చూచి మేము ఉలిక్కిపడితిమి. ఏలననగా స్విట్జర్లాండులోని జ్యూరిక్ పరిశోధకులు 2021లో ప్రకటించిన ప్రయోగంలో సరిగ్గా ఇదే అంకె ఉన్నది. లావు లేని, జబ్బు లేని 94 మంది మగవారిని తీసుకొని, కొందరికి రోజుకు 80 గ్రాముల ఫ్రక్టోజ్, కొందరికి అంతే మామూలు చక్కెర, కొందరికి అంతే గ్లూకోజ్ కలిపిన పానీయములు 7 వారాలు ఇచ్చిరి. ఫ్రక్టోజ్ త్రాగిన వారిలోను, మామూలు చక్కెర త్రాగిన వారిలోను కాలేయం క్రొవ్వు తయారుచేయుట రెండింతలైనది. గ్లూకోజ్ త్రాగిన వారిలో కాలేదు. అంతకు ముందు 2009లో కాలిఫోర్నియాలో 32 మంది స్థూలకాయులపై చేసిన 10 వారాల ప్రయోగంలో రెండు పక్షాల వారి బరువు ఇంచుమించు సమానంగానే పెరిగినది గాని, కడుపు లోపలి క్రొవ్వు ఫ్రక్టోజ్ వారిలోనే అధికమైనది, ఇన్సులిన్ పని కూడా మందగించినది.

న్యాయంగా మాట్లాడవలెనన్న, ఇవన్నీ పెద్ద మోతాదులే. ఫ్రక్టోజ్ ఒక్కదానినే బోనులో నిలబెట్టి, బిర్యానీని, డాల్డాను, ఉదయం నుండి రాత్రి దాకా కుర్చీ వదలని మన బ్రతుకును సాక్షులుగా కూర్చోబెట్టుట సరికాదు. ఏది ఎక్కువైనా కాలేయానికి క్రొవ్వు పట్టును. అయితే ఫ్రక్టోజ్ ఆ పని తొందరగా, చడీచప్పుడు లేకుండా చేయును. సారాయికి, దీనికి ఉన్న పోలిక అదే. రెండింటి భారమూ ముఖ్యంగా కాలేయం మీదనే, రెండూ క్రొవ్వు వైపుకే తోయును. చక్కెరతో మనిషి తూలడు, వాసన రాదు. అందువల్ల ఎవరూ అడ్డగించరు.

ఈ మాట ఒకసారి బడి స్టాఫ్ రూములో చెప్పగా మా సహోద్యోగి ఒకాయన, "అయితే షర్బత్ హరామ్ అంటారా ఏమిటి సాబ్?" అనెను. తౌబా! ఫత్వా ఇచ్చే అర్హత మాకు లేదు. గ్లాసులో ఎన్ని చెంచాలున్నవో చెప్పే అర్హత మాత్రమే ఉన్నది.

తరచుగా వచ్చే ప్రశ్నలు కొన్ని. పండ్లలో ఉన్నదీ ఫ్రక్టోజే గదా, పండు తినరాదా? తినవలెను. జామపండులో చక్కెరతోబాటు పీచు, నీరు ఉండును. నమిలి తినుటకు సేపు పట్టును, రెండు తినేసరికి కడుపు నిండును. 2018లో ప్రిన్స్‌టన్ శాస్త్రజ్ఞులు ఎలుకలలో చూపినదేమనగా, ఫ్రక్టోజ్ కొద్దికొద్దిగా వస్తే చిన్న ప్రేగే దానిలో ఎక్కువ భాగము గ్లూకోజుగాను, ఇతర పదార్థాలుగాను మార్చివేయును. ఒక్కుమ్మడిగా వస్తే ప్రేగు చేతులెత్తేసి మిగిలినది కాలేయం మీదికి వదిలిపెట్టును. భోజనం చేసి ఉన్నప్పుడు ప్రేగు ఈ పని ఇంకా బాగా చేయునని కూడా చూపిరి. ఎలుకలో చూచినదంతా మనిషికి వర్తించునని మేము అనము గాని, పండుకు, పండ్ల రసానికి ఉన్న తేడా ఇక్కడ బోధపడును. నాలుగు బత్తాయిలు పిండి, పిప్పి పారవేసి, పైన రెండు చెంచాల చక్కెర కొట్టి ఇచ్చే గ్లాసు పండు కాదు.

బెల్లం మంచిదట గదా? బెల్లంలో ఎక్కువ భాగము అదే చక్కెర. రంగు, వాసన, కొంచెం ఖనిజములు అదనము. తేనె? సూరె నహ్ల్‌లో తేనెను గురించి వచ్చిన మాట మనకందరికీ శిరోధార్యము. అయితే చెంచా తేనె వేరు, సీసా తేనె వేరు. తేనెలో ఇంచుమించు 40 శాతం ఫ్రక్టోజే. ఖర్జూరం? మన ఇఫ్తారుకు అదే మొదలు. 100 గ్రాముల ఖర్జూరంలో 60 గ్రాములకు పైగా చక్కెరలే, అందులో సుమారు సగము ఫ్రక్టోజ్. కాని అదే 100 గ్రాములలో ఏడెనిమిది గ్రాముల పీచు కూడా ఉన్నది. మూడు ఖర్జూరాలతో ఉపవాసం విప్పిన వారికి మామూలుగా ఏ చిక్కూ లేదు. చిక్కు ఆ వెంటనే వచ్చును. పగలంతా ఖాళీగా ఉన్న కడుపులో రెండు గ్లాసుల ఎర్ర షర్బత్, దానిమీద ఫిర్నీ, తరావీహ్ తర్వాత చాయ్, ఇంటికి వచ్చినాక డబుల్ కా మీఠా. రంజాన్ నెలలో బరువు పెరిగే వారిని మేము ఎరుగుదుము. అద్దంలో కూడా చూచితిమి.

షుగరు వ్యాధి ఉన్నవారికి ప్రత్యేకంగా ఒక మాట. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం మన దేశంలో 10 కోట్లకు పైగా షుగరు వ్యాధిగ్రస్తులున్నారు. ఫ్రక్టోజ్ తిన్నప్పుడు నెత్తురులో గ్లూకోజ్ అంతగా పెరగదు. దీన్ని చూచి ఒకప్పుడు షుగరు రోగులకు ఫ్రక్టోజ్ పొడినే తీపిగా వాడుకోమని చెప్పిన కాలం కలదు. వ్రేలు గుచ్చి చూచే మిషను కొలిచేది గ్లూకోజ్‌ను. ఫ్రక్టోజ్ దానికి కనపడదు. మిషనులో అంకె బాగున్నదని కాలేయం బాగున్నదనుకొనరాదు. పెట్టె మీద "ఫ్రక్టోజ్ మాత్రమే" అని వ్రాసిన మిఠాయి ఎవరైనా ప్రేమగా తెచ్చి ఇచ్చిన, ప్రేమ తీసుకొని పెట్టె ప్రక్కన పెట్టవలెను. ఇన్సులిను, మాత్రలు వాడేవారు ఉపవాసానికి ముందు డాక్టరును అడగవలెను. మా మాట విని ఎవరూ మందు మానవద్దు.

తల్లులకు ఒక మనవి. ఏడాది నిండని పసిబిడ్డకు తేనె నాకించకండి. ఫ్రక్టోజ్ వల్ల కాదు. తేనెలో ఉండగల బోటులిజం క్రిమి బీజములను పసి ప్రేగు తట్టుకొనలేదు. మరొకటి, చాలా అరుదు గాని చెప్పక తప్పదు. కొందరు బిడ్డలకు పుట్టుకతోనే ఫ్రక్టోజ్‌ను విరిచే ఒక ఎంజైము లోపించును. 1956లో దీనిని మొదట గుర్తించిరి. తల్లిపాలు త్రాగినంత కాలం బిడ్డ బంగారంలా ఉండును, ఏలననగా తల్లిపాల చక్కెరలో ఫ్రక్టోజ్ లేదు. పండ్ల రసం, చక్కెర నీళ్ళు మొదలుపెట్టగానే వాంతులు, నీరసం, కామెర్లు, ఫిట్లు. తీపి పెట్టినప్పుడల్లా ఇట్లయితే దిష్టి అని కూర్చొనక డాక్టరుకు ఆ మాటే చెప్పండి: "తీపి పెట్టినప్పుడే వస్తున్నది" అని. ఆ ఒక్క వాక్యం బిడ్డను బ్రతికించవచ్చును. ఆ బిడ్డలు పెద్దయ్యాక తీపి అంటేనే మొగం తిప్పుకొందురు. వారిని బలవంతపెట్టరాదు.

గల్ఫులో ఉన్న మన కుర్రవాళ్ళ సంగతి కూడా అనవలెను. ఎండలో పని చేసి దాహానికి డబ్బా మీద డబ్బా చల్లని తీపి పానీయం త్రాగి, సెలవుకు వచ్చినప్పుడు పొట్టతో వచ్చుచున్నారు. 2017లో సౌదీ, ఎమిరేట్స్ ప్రభుత్వాలే కూల్ డ్రింకుల మీద 50 శాతం పన్ను వేసినవి. అక్కడి సర్కారుకు తెలిసినది ఇక్కడి తండ్రికి తెలియకపోతే ఎట్లు?

కాలేయం క్షమించే అవయవము. 2019లో అమెరికాలో, క్రొవ్వు కాలేయం ఉన్న 11 నుండి 16 ఏళ్ళ మగపిల్లలు 40 మందిని తీసుకొని, సగం మందికి 8 వారాలపాటు విడి చక్కెర దాదాపు లేని తిండి పెట్టిరి. ఇంటిల్లిపాదికీ అదే తిండి. పిల్లవాడికొక్కడికే పథ్యం అనలేదు. వారి కాలేయంలోని క్రొవ్వు సగటున 25 శాతం నుండి 17 శాతానికి దిగినది. మామూలు తిండి తిన్న వారిలో 21 నుండి 20కి మాత్రమే. ఎనిమిది వారాలు, అంటే రెండు నెలలు. మా బడిలో ఒక యూనిట్ టెస్టుకు, మరొక యూనిట్ టెస్టుకు మధ్య కాలము.

మన దర్జీ సోదరుడు ఏమి చేసినాడో చెప్పి ముగించెదము. చాయ్ మానలేదు. మానమంటే మానేవాడు కూడా కాదు. పది చాయ్‌లను నాలుగు చేసినాడు, చక్కెర అర చెంచాకు దించినాడు. మొదటి వారం "ఇది చాయా, కషాయమా" అని మమ్ములను తిట్టినాడు. మూడో వారానికి నాలుక సర్దుకొన్నది. కూల్ డ్రింకు ఆపినాడు. ఫజర్ తర్వాత చెరువు కట్ట దాకా నడక. మొదట ఒక నెల మేము కూడా తోడు నడిచితిమి. అది మా బాకీ. సంవత్సరం తిరిగేసరికి ఆరు కిలోలు తగ్గినాడు. మళ్ళీ స్కానింగు తీయగా గ్రేడ్ వన్ అని వచ్చినది. పూర్తిగా పోలేదు, పోవుచున్నది.

మేము ఆ రెండు రిపోర్టులు తీసుకొని మగపెళ్ళి వారి ఇంటికి స్వయంగా పోయి, ఆనాడు మేము అన్న రెండో వాక్యం తప్పని చెప్పి వచ్చితిమి. ఆ సంబంధం అప్పటికే వేరే చోట కుదిరిపోయినది. అమ్మాయికి నిరుడు షవ్వాల్ నెలలో మరొక మంచి ఇంట నికాహ్ జరిగినది, అల్‌హమ్దులిల్లాహ్.

వచ్చే నెల శిబిరంలో స్కానింగు కూడా ఉండునని కార్యదర్శి గారు చెప్పిరి. నలభై దాటినవారు, నడుము చుట్టుకొలత పెరిగినవారు, షుగరు ఉన్నవారు తప్పక రావలెను. రిపోర్టులు ఈసారి మూసిన కవరులో ఎవరివి వారి చేతికే ఇచ్చెదరు. ఈ ఏర్పాటు మేము అడిగి చేయించినది.

సభ అయిన తర్వాత బయట చాయ్ ఉన్నది. చక్కెర వేయకుండా కాచి, చక్కెర వేరే గిన్నెలో పెట్టమని వంటవారికి చెప్పితిమి. చెంచా చిన్నదే పెట్టించితిమి. సెలవు. ఖుదా హాఫిజ్.